తొలి పాడియావును కొనుటకు ముందు

గ్రామములో ఒక కుటుంబము తొలిసారి పాడియావును కొనదలచినపుడు ఆ సంగతి ఏదో విధముగా పంచాయతీ సభ్యుని చెవిని పడును. అప్పునకు సిఫారసు కావలెననియో, కొట్టము వేసికొనుటకు జాగా చూపుమనియో వత్తురు. ఏదియు కాకున్న "అన్నా, ఆవును కొనమంటావా, వద్దంటావా?" అని సలహా అడుగుదురు. మన సభ్యులలో పెక్కుమంది "మంచిదే, పిల్లలు పాలు త్రాగుదురు" అని అప్పటికప్పుడు చెప్పి పంపుదురు. ఆ మాట చెప్పుటకు ఒక నిమిషము పట్టును. దాని ఫలితము మాత్రము ఆ కుటుంబముపై మూడు నాలుగు సంవత్సరములు నిలుచును.

ఆవు ధర ఎంత యన్న ప్రశ్నతోనే అందరును ఆలోచన మొదలుపెట్టుదురు. మా అభిప్రాయములో ధర యనునది చివర అడుగవలసిన ప్రశ్న. వేసవి మూడు మాసములు ఆవునకు మేత ఎచ్చటిది? పాలు వట్టిపోయిన దినములలో దానిని ఏ ఆదాయముతో పోషింతురు? ప్రతిదినము రెండుపూటల పొదుగు క్రింద కూర్చుండువారు ఎవరు? ఈ మూడింటికి ఇంటివారు తడుముకొనక సమాధానము చెప్పగలిగినపుడే ధర మాట ఎత్తుట న్యాయము.

ఈ ప్రశ్నలు ఎంత బరువైనవో తెలియుటకు నంద్యాల జిల్లా శ్రీశైలం మండలములోని సున్నిపెంటను తీసికొందము. పెంట యన్న మాట వినగానే మనకు పశువుల యెరువు గుర్తునకు వచ్చును గాని, నల్లమలలో ఆ మాటకు చెంచుల నివాసమని అర్థము. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ఆనకట్ట పనికై వచ్చిన ఇంజనీర్లు, కార్మికులు, వర్తకులు కాపురమున్న కాలనీగా ఈ ఊరు పెరిగినది. చెంచుల కొరకు ఏర్పడిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయము కూడ ఇచ్చటనే యున్నది. ఇది ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతములందలి ఊళ్లవలె చుట్టును నల్లరేగడి చేలు, పంటకాలువలు గల సేద్యపు గ్రామము కాదు. అచ్చట పేదవాడు సయితము కోతల దినములలో కూలికి పోయి సాయంకాలము ఒక మోపు గడ్డి తెచ్చుకొనగలడు. సున్నిపెంటలో గడప దాటిన అడవియే.

అడవి యున్నది గదా, మేతకేమి కొరత యని బయటివారు అనుకొందురు. ఈ పొరపాటు ఆలోచనయే ఇచ్చట తొలి ఆవును కొనువారిని ఎక్కువగా నష్టపెట్టును. పూర్వము మైదానపు రైతులు పైరు కాలములో తమ మందలను నల్లమలకు తోలుకొనిపోయెడివారు. బ్రిటిషు ప్రభుత్వము అడవిమేతకు పుల్లరి యను పన్ను వసూలు చేసెడిది. 1922లో పల్నాటి కన్నెగంటి హనుమంతు ప్రాణములు వదలినది ఆ పుల్లరిపై పోరాటములోనే. నేటి మాట వేరు. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యము 1978లో ఏర్పడి, 1983లో పులుల సంరక్షణ కేంద్రమైనది. అభయారణ్యములో పశువుల మేతను నియంత్రించుటకు, పూర్తిగా నిషేధించుటకు కూడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అటవీ అధికారులకు అధికారమిచ్చినది. అభయారణ్యములోను, దాని చుట్టు అయిదు కిలోమీటర్ల లోపలను ఉన్న పెంపుడు పశువులకు అంటువ్యాధుల టీకాలు వేయించు ఏర్పాటు చేయవలెననియు, టీకా పడని పశువును అభయారణ్యములోనికి తోలరాదనియు అదే చట్టములోని 33-ఏ విభాగము చెప్పుచున్నది. దీనికి కారణము లేకపోలేదు. గాలికుంటు వంటి వ్యాధులు ఆవు నుండి కణుజునకు, దుప్పికి, అడవిదున్నకు సోకగలవు.

ఇక చిరుతపులి ఊరి అంచులకు వచ్చుట ఇచ్చట వింతవార్త కాదు. అడవిలోనికి తోలిన ఆవు సాయంకాలము తిరిగి వచ్చునన్న పూచీ ఎవరును ఇవ్వలేరు. వన్యమృగము చంపిన పశువునకు అటవీశాఖ పరిహార మిచ్చు పద్ధతి కలదు గాని, పశువు ఎచ్చట, ఎట్లు చచ్చినదన్న విచారణ ముందుగా వచ్చును. కావున సున్నిపెంటలో ఆవును కొనువారు తమ లెక్కలో అడవిమేతను ఒక్క గడ్డిపరకయైనను చేర్చుకొనరాదు. కొట్టమునందే కట్టి మేపుదమన్న సిద్ధాంతముతో లెక్క వేయవలెను.

ఆ లెక్క ఇది. మధ్యతరపు సంకరజాతి ఆవునకు దినమునకు ఎండుమేత 6 కిలోలైనను కావలెను. సంవత్సరమునకు సుమారు 2,200 కిలోలు, అనగా రెండు టన్నుల పైమాట. పచ్చిమేత 20 నుండి 25 కిలోలు దొరికినచో పాలు నిలకడగా ఉండును. నీటివసతి గల 10, 15 సెంట్ల నేలలో సంకర నేపియర్ గడ్డి నాటిన ఒక ఆవునకు చాలవరకు సరిపోవును. కాని ఆ 10 సెంట్ల నేల గలవారు ఈ ఊరిలో ఎందరు? దాణా విషయములో, దేహపోషణకు ఒక కిలో, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున పెట్టవలెనని పశుపోషణ నియమము. ఎనిమిది లీటర్లు ఇచ్చు ఆవు నాలుగు కిలోల దాణా తినును. ఒక ఈతలో మొత్తము ఒక టన్ను దాణా ఖర్చగును. తవుడు, వేరుశనగ చెక్క, పత్తిచెక్క అన్నియు క్రింది ఊళ్లనుండి రావలసినవే. దినమునకు 50 గ్రాముల ఖనిజలవణ మిశ్రమము కూడ తప్పనిసరి. దానిని మానిపించి మిగిల్చిన డబ్బు, ఆవు సకాలములో ఎదకు రాక పోవుటతో పదింతలుగా పోవును.

గడ్డి కొనుటకు కాలము కలదు. కర్నూలు–కడప కాలువ క్రింద వరికోతలు ముగిసిన పుష్య, మాఘ మాసములలో నంద్యాల వైపు వరిగడ్డి చవుక. కొంచెము తరువాత జొన్నచొప్ప వచ్చును. అదే గడ్డి వైశాఖములో అడుగబోయిన ధర మారిపోవును. ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమల దారిన సున్నిపెంటకు చేర్చు బాడుగ ఒక్కొక్కప్పుడు గడ్డి ధరను మించును. ఒక్క ఆవు గల ఇల్లు ఒక లారీ గడ్డిని తెప్పించలేదు. నాలుగైదు ఇండ్లవారు కలిసి తెప్పించుకొని వాము వేసికొనిన బాడుగ పంచబడును. వాము వేయుటకు జాగా, నిప్పు భయము లేని చోటు, పంచాయతీ చూపవలసినవి ఇట్టివే.

కొందరు ఈ ఖర్చంతయు తప్పించుకొనుటకు ఉదయము పాలు పిండుకొని ఆవును వీధిలోనికి వదలివేయుదురు. యాత్రికులు పారవేసిన విస్తళ్లు, వాటితో ప్లాస్టిక్ సంచులు దాని కడుపున పేరుకొనును. అవి అరుగవు, బయటికి రావు. బలిసినట్లు కనబడు ఆవు ఒకనాడు మేత మాని పడిపోవును. వీధిమేతను మేము మేతగా ఎంచుట లేదు.

నీటి సంగతి క్లుప్తముగా చెప్పుదుము. పాలిచ్చు ఆవు దినమునకు 40, 50 లీటర్లు త్రాగును. వేసవిలో ఇంకను ఎక్కువ. కడుగుటకు వేరుగా కావలెను. కుళాయి నీరు గంటల లెక్కన వచ్చు ఇంట ఈ బిందెలు ఎవరి నెత్తిన వచ్చునో ఊహింపవచ్చును.

ఇప్పుడు పాల లెక్క. సంతలో అమ్మకపుదారు "దినమునకు ఎనిమిది లీటర్లు" అనును. కొనువాడు దానిని 365తో హెచ్చవేసికొని సంతోషించును. కాని ఆవు పాలిచ్చునది సుమారు 300 దినములు. ఎనిమిది లీటర్లు ఈనిన రెండవ నెల నాటి మాట. ఆపైన క్రమముగా తగ్గుచు సగటున ఆరు లీటర్లు నిలిచిననే మంచి ఆవు. అనగా ఈతకు 1,800 లీటర్లు. దూడకు రెండు మూడు నెలలలో సుమారు 200 లీటర్లు పోవును. ఇంట లీటరు వాడుక చొప్పున 300. మిగిలిన 1,300 లీటర్లు అమ్మకమునకు. పదమూడు నెలలకు మరల ఈనినచో ఇవి దినమునకు సగటున మూడు లీటర్ల పైచిలుకు. పదునెనిమిది నెలలకు ఈనినచో రెండున్నర లీటర్లు కూడ కావు. ఆలస్యమైన ఈతలో చివర కొన్ని దినములు పాలు సాగినను అవి స్వల్పము. మేత మాత్రము అన్ని దినములును ఒక్కటే. ధరలు మారుచుండును గనుక మేము రూపాయలలో చెప్పుట లేదు. సభ్యులు తమ ఊరి పాలధర, దాణా ధర, గడ్డి ధర వేసి ఇంటివారి యెదుట ఒక కాగితముపై లెక్కించి చూపుట మంచిది.

ఈత ఆలస్యమగుట ఒంటి ఆవు గల ఇండ్లలో ఎక్కువ. దీనికి కారణము అంతగా ఎవరును చెప్పరు. మందలో ఒక ఆవు ఎదకు వచ్చినపుడు తక్కిన ఆవులు దానిపైకి ఎక్కుట చూచి కాపరి గుర్తించును. ఒంటరిగా కట్టివేసిన ఆవునకు ఆ సాక్ష్యము లేదు. అది అరచుట, మేత తగ్గించుట, పాలు కొంచెము తగ్గుట, గ్రుడ్డులోని తెల్లసొన వంటి తీగలు కారుట, వీనినే చూచుకొనవలెను. ఎద ఉండునది ఒక పూట మొదలు ముప్పావు దినము. ఉదయము కనిపెట్టిన సాయంకాలము, సాయంకాలము కనిపెట్టిన మరునాటి ఉదయము సూది వేయింపవలెను. తప్పినచో మరల 21 దినములు ఆగవలెను. మూడు ఎదలు తప్పినచో రెండు నెలల మేత ఊరక పోయినట్లే. ఇంటివారు ఎదను కనిపెట్టగలరా, కబురు పంపిన అదే దినము గర్భధారణ చేయువారు రాగలరా యన్నది విచారించుట ఆవు రంగును, కొమ్ములను చూచుట కంటె ముఖ్యము.

ఈ పనియంతయు చేయునది ఎవరు? అప్పు కాగితముపై సంతకము మగవారిది కావచ్చును. పేడ తీయుట, కుడితి కలుపుట, గడ్డి వేయుట, పాలు పిండుట నూటికి తొంబది ఇండ్లలో ఆడువారి పాలిటిదే. కావున సభ్యుడు ఆ యింటికి పోయినపుడు ఇల్లాలిని పిలిపించి "అమ్మా, నీకు ఈ పని ఇష్టమేనా? నీవు పుట్టింటికి పోయినపుడు ఎవరు పిండుదురు?" అని అడుగవలెను. ఆమె "మా అత్తమ్మ ఉన్నది" అనినచో ఒక విధము. మౌనముగా తలవంచుకొనినచో మరియొక విధము. పొదుగులో పాలు నిలిచిన పొదుగువాపు వచ్చును, ఒక చన్ను శాశ్వతముగా చెడిపోవును. తేనె, బంక వంటి అటవీఫలముల కొరకు దినముల తరబడి అడవిలో నుండు చెంచు కుటుంబములకు ఈ ప్రశ్న మరింత ముఖ్యము. వారికి ఆవు పనికిరాదని మా అర్థము కాదు. ముసలివారో, ఎదిగిన పిల్లలో పెంటలో నిలిచియుండు ఇండ్లు వారిలోను కలవు. ఎవరో ఒకరు నిలిచియుండు ఇంటికే ఆవు అన్నది మా మాట.

పశువులను పంచి పేదరికమును తీర్చు ప్రయత్నము మన దేశమున ఇంతకుముందు జరిగినదే. 1978లో మొదలై 1980లో దేశమంతట వ్యాపించిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకము క్రింద అనేక కుటుంబములకు అప్పు, సబ్సిడీలపై పాడిపశువులు ఇచ్చిరి. ఆస్తి చేతికిచ్చినంత మాత్రమున పేదకుటుంబము పైకి రాజాలదని ఆర్థికశాస్త్రజ్ఞుడు నీలకంఠ రథ్ 1985లో ఆ పథకమును విమర్శించుచు వ్రాసిరి. ఆ దినములు ఎరిగిన పెద్దలు ప్రతి గ్రామములోను ఉన్నారు. వచ్చిన ఆవులలో ఎన్ని రెండవ ఈత వరకు అదే కొట్టములో నిలిచినవో వారినడిగి తెలిసికొనవచ్చును. దీనికి ఎదురుగా 1946లో గుజరాతులోని ఖేడా జిల్లాలో పాల సహకార సంఘము ఏర్పడినపుడు వారు ముందుగా చూచినది పాలు కొనువానిని. ఆవులు, గేదెలు రైతుల యొద్ద అప్పటికే యుండెను.

సున్నిపెంటలో కొనువాడు ఎవడు? ఊరిలో కాఫీ హోటళ్లు కలవు. దగ్గరనే శ్రీశైల క్షేత్రము కలదు. కార్తికమాసమందు, మహాశివరాత్రికి, కన్నడదేశపు భక్తులు వచ్చు ఉగాదికి ఎన్ని పాలున్నను చాలవు. నడుమ దినములలో గిరాకీ తగ్గును. ఆవు పండుగలు చూచి పాలివ్వదు. కావున సంవత్సరము పొడవున వాడుకగా పోయించుకొను నాలుగు ఇండ్లను ముందే కుదుర్చుకొనుట క్షేమము. పాలకేంద్రము అందుబాటులో నున్నచో వెన్నశాతమును బట్టి ధర కట్టుదురు. ఆవుపాలలో కనీసము 3.2 శాతము వెన్న, 8.3 శాతము వెన్నేతర ఘనపదార్థము ఉండవలెనని ఆహారభద్రతా ప్రమాణము. పచ్చిమేత, చెక్క తగ్గించిన ఈ అంకెలును తగ్గును.

పై ప్రశ్నలన్నింటికి తృప్తియగు సమాధానము వచ్చినదనుకొందము. అప్పుడు ఏ ఆవు? పదునైదు లీటర్లిచ్చు హోల్‌స్టీన్ సంకరజాతిని మేము ఇచ్చటి ఎండలకు, తొలిసారి పాడిచేయు చేతులకు సలహా ఈయము. జెర్సీ సంకరము చిన్న దేహము, మితమైన పాలు. ఎండకు కొంత ఓర్చును. ఒంగోలు జాతి మన గర్వకారణము, నెల్లూరు పేర బ్రెజిలు దేశమంతట నిండినది. కాని ఇంటి పాలకై దానిని కొనువాడు పాలకంటె ఠీవిని ఎక్కువ పొందును. కృష్ణకు ఆవలి ఒడ్డున అమ్రాబాదు నల్లమలలో పొడతూర్పు అను మచ్చల పశువులు కలవు. కొండగట్టులు ఎక్కి బ్రదుకుటలో వానికి సాటి లేదు. అవి ప్రధానముగా ఎద్దుల కొరకు పెంచబడినవి. పాలు దూడకు పోను కొద్దిగా మిగులును. పుంగనూరు పొట్టి ఆవు తక్కువ తినునన్నది నిజమే గాని, నేడు దాని ధర లక్షలలో పలుకుచున్నది. అది సంపన్నుల ముచ్చటయే యైనది. ఇక గేదె మాట. ముతకగడ్డిని అరిగించుకొనుటలోను, వెన్నశాతములోను గేదెది పైచేయి. నీటిలో పొరలుటకు మడుగో, రెండుపూటల కడుగుటకు సమృద్ధిగా నీరో కావలెను. నీరున్న ఇంటివారు ఆవే కావలెనన్న పట్టుదల లేకున్న గేదెను గూర్చి ఆలోచించుట తప్పు కాదు.

బేరమునకు పోయినపుడు రెండవ ఈతది, ఈని పదునైదు దినములు మొదలు నెల లోపలిది చూడవలెను. పళ్లు లెక్కింపవలెను, నాలుగైదేండ్లకు నిండుపళ్లు వచ్చును. సంతలో రెండు మోసములు సాధారణము. ఒకపూట పిండక నిలిపి పొదుగును పెద్దదిగా చూపుదురు. మరియొక ఆవు దూడను కట్టి క్రొత్తగా ఈనినదందురు. దూడను విడిచిన అది ఏ ఆవు చెంతకు పోవునో, ఆవు దానిని నాకునో తన్నునో నిలిచి చూచిన తెలియును. అమ్మువాని ఇంటనే రాత్రి యుండి, వరుసగా మూడుపూటలు కొనువారే పిండి కొలుచుకొనవలెను. నాలుగు చన్నులనుండియు తొలిధారలు నల్లగుడ్డపై పిండి, విరుగు తునకలు, నెత్తురు చారలు లేవని చూడవలెను.

ఇచ్చట పంచాయతీకి స్వంతముగా సంబంధించిన విషయమొకటి కలదు. పుట్టిన దూడలలో సగము కోడెలే. సేద్యము లేని ఊరిలో సంకరజాతి కోడెదూడను ఎవరును కొనరు. 1977 నాటి రాష్ట్ర చట్టము గోవధను, దూడల వధను నిషేధించినది. ఆ కోడె చివరకు దారిమీదికి చేరును, తరువాత అది ప్రమాదమగును, పంచాయతీ బందెలదొడ్డికి భారమగును. పెయ్యదూడలే ఎక్కువగా పుట్టునట్లు లింగనిర్ధారణ చేసిన వీర్యము ఇప్పుడు లభించుచున్నది. పదింట తొమ్మిది పెయ్యలు కలుగును. దాని ధర కొంచెము ఎక్కువయైనను, తొలి ఆవును కొను కుటుంబము చేత సభ్యులు దీనిని కోరించుట ఊరికంతకు మేలు.

గాలికుంటు, బ్రూసెల్లా యను ఈసుకుపోవు వ్యాధులకు 2019 నుండి జాతీయ కార్యక్రమము క్రింద ఉచితముగా టీకాలు వేయుచున్నారు. గాలికుంటు టీకా ఏటికి రెండుమారులు. బ్రూసెల్లా టీకా నాలుగు మొదలు ఎనిమిది నెలల పెయ్యకు ఒక్కమారు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే పడవలెను. 2022లో ముద్దచర్మ వ్యాధి ఉత్తరాదిన చేసిన నష్టము అందరికిని తెలిసినదే. టీకా దినమును ముందుగా దండోరా వేయించుట, ఆ ఉదయము పశువులన్నియు ఒక్కచోట నిలుచునట్లు చూచుట సభ్యుల పని. సంచార పశువైద్య వాహనమునకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చును. పాలు మాత్రము పిల్లలకు ఎప్పుడును కాచియే ఇవ్వవలెను.

సమాధానములు తృప్తిగా లేని ఇంటికి "ఇప్పుడు వద్దు" అని చెప్పుటకు సభ్యులు జంకరాదు. దినమునకు అరలీటరో లీటరో కావలసిన ఇల్లు పాలు కొనుక్కొనుటయే చవుక. రెండు ఇండ్లవారు కలిసి ఒక ఆవును పెట్టుకొనుట, లేక ఒక ఏడు ఆగి పెరటిలో అవిసె, నేపియర్ నాటుకొని, పుష్యమాసములో గడ్డి సమకూర్చుకొని అప్పుడు కొనుట వంటి మార్గములు వారికి చూపవచ్చును. పశువుల నీటితొట్టి లేని ఊరిలో దానిని కట్టించుట పంచాయతీయే చేయవలసిన పని. అనేక గ్రామములలో ఇట్టివి ఉపాధి హామీ పనుల క్రింద కట్టిరి.

కొన్న ఆవును తెచ్చుటకు నడివేసవి తగదు. వర్షములు పడిన పిమ్మట తెచ్చిన కొత్త నీరు, కొత్త చోటు దానికి త్వరగా అలవాటగును. అడవిదారిలో రాత్రివేళ వాహనములను పోనివ్వరు గనుక తెల్లవారుజామున దోర్నాల చేరునట్లు బయలుదేరి, ఎండ ముదురకముందే ఇల్లు చేర్చవలెను. అమ్మువాడు పెట్టుచుండిన దాణాయే పదిదినములకు సరిపడ వెంట తెచ్చుకొని, మన మేతను కొంచెము కొంచెముగా కలుపుచు మార్చవలెను. ఊరిలోని ఇతర పశువులతో రెండు మూడు వారములు కలుపరాదు. చెవిపోగు నంబరును బీమా కాగితములోని నంబరుతో సరిచూచుకొని, ఆ పోగు ఊడినచో వెంటనే పశువైద్యశాలలో తెలిపి వేరొకటి వేయించుకొనవలెను. పోగు లేని పశువునకు బీమా సొమ్ము రాదు. మొదటి రాత్రినుండియే దూడను తలుపు గల గదిలో కట్టవలెను.